మేడ మీద హామ్ రేడియో యాంటెనా కేబుల్ లాగే ముందు

మొదట మేడ ఎక్కి కరెంటు తీగలు ఎటున్నాయో చూడండి. యాంటెనా పైపు ఏ వైపు పడినా వాటికి తగలకూడదు, తగిలేలా ఉంటే అక్కడ పని మొదలుపెట్టొద్దు.

హామ్ సెట్‌కి (లైసెన్సుతో సరదాగా మాట్లాడుకునే రేడియో) 50 ఓమ్‌ల కేబులే కొనండి, టీవీది 75. 145 మెగాహెర్ట్జ్‌లో సన్న ఆర్‌జీ-58 రకం కేబుల్ ఓ 30 మీటర్లు వేస్తే దాదాపు ముప్పావు వంతు పవర్ దారిలోనే పోతుంది, అందుకే ఖర్చైనా సరే అంత దూరానికి లావుపాటి ఆర్‌జీ-213 తీసుకోండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా పాడవుతాయి. రబ్బరు టేపు సాగదీసి గట్టిగా చుట్టండి. లోపలికి నీళ్లు దిగితే ఆ కేబుల్ మార్చాల్సిందే.

కిటికీ దగ్గర కేబుల్‌ని కిందికి వంపు తిప్పి లోపలికి తీసుకోండి, వాన నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయి.

ఎర్తింగ్ తుపాన్ల సీజన్‌కి ముందే చేయించండి. ఉరుములు వినిపిస్తే మాత్రం కేబుల్ జోలికి అసలు వెళ్లొద్దు.