మాయమైన సన్నగీతలు

కళాశాల పూర్వ విద్యార్థుల ఆంగ్ల సంచికకు పేజీలు కూర్చుతూ శీర్షికలకు బొడోనీ ఫాంటు తీసుకున్నాను. లావు నిలువుగీత, దాని పక్కనే వెంట్రుకంత సన్నగీత: అందమంతా ఆ తేడాలోనే ఉంది. 72 పాయింట్ల శీర్షిక రాజసంగా కుదిరింది. ఆ మురిపెంలో నల్లటి పేజీపై రచయితల పేర్లు కూడా అందులోనే, 8 పాయింట్లలో, తెల్లగా పెట్టేశాను.

తెరపై బాగానే కనిపించాయి. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులో మాత్రం చిన్న ‘ఎన్’ రెండు పుల్లలుగా విడిపోయింది.

ముందు బోల్డ్ చేశాను. లావుగీతలు ఇంకా లావెక్కాయి, సన్నగీతలు దాదాపు అలాగే ఉన్నాయి. ఒళ్లు పెరిగింది, మెడ పెరగలేదు!

అసలు లోపం ఫాంటుది కాదు, నా ఎంపికది. ఇటలీలోని పార్మాలో ఈ అక్షరాల సృష్టికర్త జంబాతిస్తా బొడోనీ ప్రతి సైజుకూ లోహంలో అచ్చులు వేరుగా చెక్కించేవాడు. నేను తీసుకున్నది 1994లో ఐటీసీ అనే ఫాంట్ల సంస్థ తెచ్చిన ఐటీసీ బొడోనీ; అది కూడా 6, 12, 72 పాయింట్లకు విడివిడిగా గీసినదే. నేను అన్నిచోట్లా 72 కోసం గీసిన రూపాన్నే వాడాను. పేర్లను సైజు మార్చకుండా 6 కోసం గీసిన రూపంలోకి మార్చగానే సన్నగీతలు దళసరి అయ్యాయి, అక్షరాల మధ్య గాలి ఆడింది.

ఇంకో తప్పు కూడా ఉంది. పేజీ నలుపును నాలుగు రంగుల సిరాలతో కలిపాను; ఒక్కో సిరాను ఒక్కో ప్లేటు అచ్చువేస్తుంది, వాటిలో ఒకటి రవ్వంత జరిగినా సిరా తెల్లగీతలోకి చొరబడుతుంది. నల్లసిరా ఒక్కటే ఉంచాను. నలుపు కాస్త పలచబడింది కానీ, రెండో ప్రూఫులో పేర్లన్నీ చదవగలిగాను.