అరవై దాటాక రాత్రి ఒంటికి లేవడం: కారణాలు, సర్దుబాట్లు

అనంతపురం, కర్నూలు వైపు చాలామంది పెద్దవాళ్లు రాత్రి లేవాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. బెంగళూరు బస్సెక్కాలంటే పొద్దున్నుంచే గొంతు తడపరు. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇలా చేస్తే కిడ్నీలో రాళ్లు పడే ప్రమాదం ఉంది. దయచేసి నీళ్లు మానకండి, ముందు కారణం పట్టుకోండి.

సమస్య: రాత్రి రెండు మూడుసార్లు మెలకువ

ఈ వయసులో ఒకసారి లేవడం మామూలే. రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చూసే హార్మోన్ వయసుతో తగ్గుతుంది. పగలంతా అంగట్లో కూర్చున్నా, చేలో నిలబడ్డా కాళ్లలోకి దిగిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమవుతుంది. సాయంత్రం చీలమండ పైన వేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే కాళ్లలో నీరు చేరినట్టే.

తేల్చుకోవడానికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు చాలు. మూడు రోజులు ప్రతిసారీ కొలిచి, టైముతో సహా రాసుకోండి. పడుకున్నాక వచ్చింది, తెల్లవారి మొదట పోసింది కలిపితే రోజు మొత్తంలో మూడో వంతు దాటిందా? అయితే రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతోంది. అలా కాకుండా ప్రతిసారీ 100, 150 మిల్లీలీటర్లే వస్తుంటే మూత్రసంచి నిండకముందే తొందరపెడుతోంది, లేదా పూర్తిగా ఖాళీ కావడం లేదు.

మొదటి రకానికి: నీళ్లు పగలే బాగా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. సాయంత్రం టీ వద్దు. రాత్రి సంగటిలోకి ఊరగాయ, ఉప్పు తగ్గించండి. సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోండి. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే ఏ పూట వేసుకోవాలో డాక్టరునే అడగండి. గట్టిగా గురక పెట్టేవాళ్లు ఆ సంగతీ చెప్పాలి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నా రాత్రి మూత్రం పెరుగుతుంది.

సమస్య: ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం

ఎక్కువగా మగవాళ్లలో మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరగడమే కారణం. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఇది మొదలవుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. ముక్కకుండా, తీరిగ్గా కూర్చుని పోయండి. అయ్యాక ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. మెడికల్ షాపులో అడిగి జలుబు మాత్రలు వేసుకోవద్దు, కొన్ని మూత్రాన్ని బిగబట్టేస్తాయి. ప్రొస్టేట్ మాత్ర మొదలుపెట్టినవాళ్లు మంచం మీద నుంచి మెల్లగా లేవాలి, కళ్లు తిరగొచ్చు.

సమస్య: అయ్యాక బట్టలపై చుక్కలు

మూత్రనాళం వంపులో మిగిలిందే జారుతుంది. వృషణాల వెనక నుంచి ముందుకు వేళ్లతో మెల్లగా నొక్కితే వచ్చేస్తుంది.

ఇవి వయసు పనులు కావు

మంట, విపరీతమైన దాహంతో ఎక్కువసార్లు పోవడం ఉంటే మూత్రం, షుగర్ పరీక్షలు చేయించండి. రక్తం ఒక్కసారి కనపడినా, నొప్పి లేకపోయినా యూరాలజీ డాక్టరును కలవాలి. వీటిలో దేనికైనా చలిజ్వరం తోడైతే ఆ రోజే చూపించుకోండి. పొత్తికడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి మూత్రం తీసే ట్యూబు పెట్టించుకోవాలి.