సైటోస్కెలిటన్ పోగులు కలగాపులగం అవుతున్నాయా?

కణానికి ఆకారం ఇచ్చే ప్రోటీన్ పోగుల చట్రమే సైటోస్కెలిటన్. అందులోని యాక్టిన్, మైక్రోట్యూబ్యూల్, ఇంటర్మీడియట్ ఫిలమెంట్ల కొలతలు బట్టీ పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పోగుకి రెండు కొసలూ ఒకేలా ఉంటాయా?

మైక్రోట్యూబ్యూల్‌ని గీసి చూడండి. ఆల్ఫా, బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్ల జంటలన్నీ ఒకే దిక్కుకు తిరిగి వరుస కడతాయి. సాధారణంగా అలాంటి 13 వరుసలు కలిస్తే 25 నానోమీటర్ల గొట్టం. బీటా బయటికి ఉన్న ప్లస్ కొస వేగంగా పెరుగుతుంది. అక్కడ జీటీపీ (శక్తినిచ్చే అణువు) ఉన్న ట్యూబులిన్ టోపీ ఊడిందా, గొట్టం చకచకా విడిపోతుంది. ఆ టోపీకి వేరే రంగు వేయండి, డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ (గొట్టం పెరుగుతూ ఉన్నట్టుండి విడిపోవడం) అంటే ఇక టెన్షన్ ఉండదు.

యాక్టిన్‌కీ దిక్కు ఉంది, అక్కడ జీటీపీకి బదులు ఏటీపీ అనే శక్తి అణువు. ఇంటర్మీడియట్ ఫిలమెంట్లలో మాత్రం ప్రోటీన్ జంటలు ఎదురెదురు దిక్కులకు తిరిగి కలుస్తాయి. అందుకే కొసలకు తేడా లేదు, కణంలో సరుకులు మోసే మోటార్ ప్రోటీన్లు వాటి మీద నడవవు.