లిస్ప్ టెస్టుల షెల్ స్క్రిప్టు మొండికేస్తే ఎక్కడ వెతకాలి

ఎవరైనా "మా టెస్ట్ స్క్రిప్టు ఒకసారి చూడు" అంటే నేను ముందు చేసే పని, బాగున్న టెస్టును ఒకదాన్ని కావాలని చెడగొట్టడం. ఒకటి రెండుకు సమానం అని రాసి, స్క్రిప్టు నడిపి, వెంటనే "ఎకో $?" కొడతాను (ఆఖరి కమాండు స్టేటస్‌ను ఇది చూపిస్తుంది, సున్నా అంటే విజయం). సున్నా వచ్చిందా, ఆ స్క్రిప్టు ఇన్నాళ్లూ చూపించిన "పాస్"లు దేనికీ కొరగావు. ఇది తేలకుండా మిగతావి కెలకడం టైమ్ వేస్ట్.

సున్నా వస్తే ముందుగా లిస్ప్ ప్రాజెక్టులను బిల్డ్ చేసే టూల్ ఏఎస్‌డీఎఫ్‌లోని, టెస్టులు నడిపే టెస్ట్-సిస్టమ్‌ను అనుమానించండి. టెస్టులు పాసైనా ఫెయిలైనా అది తిరిగిచ్చేది "నిజం" విలువే. టెస్టింగ్ లైబ్రరీ ఫైవ్‌యామ్ వాళ్ల "రన్!" కూడా టెస్టు ఫెయిలైతే మామూలుగా ఎర్రర్ లేపదు, నిల్ (లిస్ప్‌లో "అబద్ధం" విలువ) ఇచ్చి ఊరుకుంటుంది. ఆ నిల్‌ను పట్టుకోవాల్సింది మనమే. స్క్రిప్టులోనే ఏఎస్‌డీఎఫ్‌తో వచ్చే యూఐఓపీ లైబ్రరీలోని క్విట్‌కు 1 (ఫెయిల్ అని అర్థం) ఇచ్చి బయటికి రావచ్చు. లేదంటే సిస్టమ్ నిర్వచన ఫైలులో, టెస్ట్-ఆప్ (టెస్టులు ఎలా నడపాలో చెప్పే భాగం) రాసే చోటే నిల్ వస్తే ఎర్రర్ లేపొచ్చు. నా ఓటు రెండోదానికే. స్క్రిప్టు జోలికి రాకుండా రెపల్‌లో (లిస్ప్ కోడ్‌ను నేరుగా టైప్ చేసి నడిపే ప్రాంప్ట్‌లో) నడిపేవాళ్లకూ అప్పుడు విషయం తెలుస్తుంది.

లిస్ప్ బుద్ధిగా 1 ఇచ్చినా అది దారిలో పోవచ్చు. లాగ్ కోసం అవుట్‌పుట్‌ను పైపులో, తెరపైనా ఫైలులోనా రాసే "టీ" కమాండుకు పంపారనుకోండి, షెల్ చూసేది ఆ చివరి కమాండు స్టేటస్‌నే. ఏ కమాండు ఫెయిలైనా ఆగిపొమ్మనే "సెట్ -ఈ" ఇక్కడ కాపాడదు, పైపులో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలేననే పైప్‌ఫెయిల్ కూడా ఆన్ చేయాలి. మొదటి లైనులో బాష్ అని స్పష్టంగా రాయండి. డెబియన్, ఉబుంటులలో ఉత్త "ఎస్‌హెచ్" అంటే డాష్ అనే వేరే షెల్, బాష్‌కే సొంతమైన జంట చదరపు బ్రాకెట్లు అక్కడ నడవవు.

స్క్రిప్టు కదలకుండా ఆగిపోతే, ఎక్కువసార్లు లిస్ప్ డీబగ్గర్‌లోకి దిగి మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ ఇంప్లిమెంటేషన్‌కు "--నాన్-ఇంటరాక్టివ్" ఇస్తే పట్టుబడని ఎర్రర్ రాగానే 1తో బయటపడుతుంది. "--నోఇన్‌ఫార్మ్", "--డైనమిక్-స్పేస్-సైజ్" లాంటి రన్‌టైమ్ ఆప్షన్లు దీనికంటే ముందు రావాలి. ముందూవెనకా అయితే చిరాకు పెడతాయి. బయట "టైమ్‌అవుట్" కమాండు కూడా తగిలించండి. స్టేటస్ 124 వస్తే గడువు దాటిందని అర్థం. 137 వస్తే ప్రాసెస్‌ను ఎవరో చంపేశారు, ముందు మెమరీ సంగతి చూడండి.

ఇక "క్యూఎల్ అనే ప్యాకేజీ లేదు" తరహా మెసేజ్. క్యూఎల్ అంటే లైబ్రరీలు తెచ్చిపెట్టే క్విక్‌లిస్ప్. దీనికి రెండు వేరువేరు కారణాలున్నాయి, జనం మొదటిదాంతోనే ఆగిపోతారు. ఎస్‌బీసీఎల్ "--స్క్రిప్ట్" ఆప్షన్ మీ ఇనిట్ ఫైలును (మామూలుగా లిస్ప్ మొదలవగానే చదివే ఫైలును) చదవదు. క్విక్‌లిస్ప్ లోడయ్యేది అక్కడి నుంచే. కాబట్టి క్విక్‌లిస్ప్ సెటప్ ఫైలును మీరే లోడ్ చేయండి. రెండోది ఇంకాస్త లోతు. లైబ్రరీని లోడ్ చేసే క్విక్‌లోడ్, టెస్టు పిలుపు రెండింటినీ ఒకే ప్రోగ్న్‌లో (వరసగా నడిపే ఒకే ఫారంలో) పెట్టి, కోడ్ నడిపే ఒకే "--ఇవాల్"కు ఇస్తే, కోడ్ టెక్స్టును చదివే లిస్ప్ రీడర్ మొత్తం ఫారాన్ని ముందే చదవాలి. క్విక్‌లోడ్ ఇంకా నడవలేదు, ఫైవ్‌యామ్ ప్యాకేజీ ఇంకా పుట్టలేదు. ఈసారి మెసేజ్‌లో కనిపించే పేరు ఫైవ్‌యామ్‌ది, తేడా అంతే. విడివిడి "--ఇవాల్"లుగా రాస్తే చాలు, లేదా పేరును నడిచేటప్పుడే వెతికే యూఐఓపీ సింబల్-కాల్ వాడండి.

కొటేషన్ల గొడవ గురించి ఒక్కమాట: ఆ "--ఇవాల్" లైన్లు మూడు దాటితే వాటిని వేరే లిస్ప్ ఫైలులోకి మార్చేయండి. షెల్ సింగిల్ కోట్, లిస్ప్ కోట్ ఒకే గుర్తు కాబట్టి వాటి మధ్య రాజీ కుదర్చడం వృథా శ్రమ.

మీ దగ్గర పాసై, ఇంకో మెషీన్‌లో ఫెయిలైతే హోమ్ డైరెక్టరీలో ".క్యాష్" కింద, కంపైలైన ఫైళ్లు ఉండే కామన్-లిస్ప్ ఫోల్డర్‌ను తీసేసి మళ్లీ నడపండి. ఇప్పుడు మీ దగ్గరా ఫెయిలైతే సంతోషించండి. డిపెండ్స్-ఆన్‌లో (ఏది దేనిపై ఆధారపడుతుందో చెప్పే జాబితాలో) రాయని ఫైలు ఏదో ఉంది, పాత ఫాజిల్ (కంపైలైన ఫైలు) దాన్ని దాచిపెట్టింది. అప్పటికీ పాసవుతుంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను ఖాళీ చేసే "ఎన్వ్ -ఐ"తో, పాత్, హోమ్ మాత్రమే ఇచ్చి నడపండి. అప్పుడు సిస్టమ్ దొరకలేదంటే, అంతవరకూ అది సిస్టమ్‌లను ఎక్కడ వెతకాలో చెప్పే సీఎల్_సోర్స్_రిజిస్ట్రీ వేరియబుల్ వల్ల దొరుకుతోందన్నమాట. దాన్ని స్క్రిప్టులోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. సబ్‌ఫోల్డర్లు కూడా వెతకాలంటే దారి చివర రెండు స్లాష్‌లు ఉండాలి, డీఫాల్ట్ చోట్లు కూడా కావాలంటే ఆ తర్వాత ఒక కోలన్.