ఆరేడు ఎకరాల దుక్కికి పాత ట్రాక్టర్: బేరానికి ముందు ఏం చూడాలి

పాత ట్రాక్టర్ చూడటానికి వెళ్లినవాళ్లు ముందు స్టార్ట్ చేయించి ఇంజిన్ చప్పుడు వింటారు, తర్వాత రంగు చూస్తారు, ఆ తర్వాత బేరంలో పడతారు. ఇంజిన్ చూడాల్సిందే. కానీ ఇంజిన్‌కు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కిట్‌గా దొరుకుతాయి, ఇంజిన్ విప్పి ఇవన్నీ మార్చే బోరు పనికి ఎంతవుతుందో మండల కేంద్రంలో ఏ మెకానిక్‌ని అడిగినా ముందే చెబుతాడు. క్లచ్ నుంచి వెనక్కి ఉన్న భాగం అలా కాదు. గేర్ బాక్స్, వెనక చక్రాలకు శక్తిని మళ్లించే పళ్ల జత అయిన క్రౌన్ పినియన్, నాగలిని ఎత్తి దించే లిఫ్ట్ విప్పితే గానీ లోపల ఏం అరిగిందో తెలియదు, విప్పాక ఖర్చు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. దున్నేటప్పుడు బరువంతా పడేది కూడా అక్కడే. అందుకే చూడటానికి పెట్టే సమయంలో సగానికి పైగా వెనక భాగానికే పెట్టండి.

అసలు కొనాలా వద్దా అన్న లెక్క ముందు తేల్చుకోవాలి. తొమ్మిది కర్రుల కల్టివేటర్ వెడల్పు సుమారు 2 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిపితే, మలుపులకు పోయే టైం తీసేశాక, గంటకు 1.8 ఎకరాల దాకా అవుతుంది. నాలుగెకరాలను రెండేసి సాళ్ల చొప్పున ఏడాదికి అయిదుసార్లు దున్నినా పాతిక గంటలు దాటదు. మీ ఊళ్లో గంట కిరాయితో దాన్ని గుణించి చూడండి. బయట పొలాలకు తోలే ఉద్దేశం లేకపోతే నాలుగెకరాల రైతుకు సొంత బండి గిట్టదు. ఆరు, ఏడు ఎకరాలు దాటి, వానలు పడిన రెండు మూడు రోజుల్లో కిరాయి బండి దొరక్క అదును తప్పుతుంటే అప్పుడు కొనడంలో అర్థం ఉంది.

ఎంత హెచ్‌పీ కావాలన్నది నేలను బట్టి ఉంటుంది. ఎర్ర చెలకల్లో కల్టివేటర్ వరకే అయితే 30 నుంచి 35 హెచ్‌పీ చాలు. నల్లరేగడిలో రెండు కర్రుల పల్టీ నాగలి లాగాలన్నా, 5 అడుగుల రోటవేటర్ తిప్పాలన్నా 40కి దగ్గరగా ఉండాలి. మాగాణిలో దమ్ముకైతే మరీ బరువైన బండి కూరుకుపోతుంది, అక్కడ పెద్ద బండి అక్కర్లేదు. మహీంద్రా 265 డీఐ 30 హెచ్‌పీ, మాసీ 1035 డీఐ 36, మహీంద్రా 275 డీఐ 39, స్వరాజ్ 735 ఎఫ్‌ఈ 40. ఈ నాలుగింటికీ సామాన్లు దొరకడం తేలిక, పని తెలిసిన మెకానిక్‌లూ ఎక్కువే. చవగ్గా వస్తోందని హెచ్‌ఎంటీ వైపు చూసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లోనే నిర్ణయం జరిగింది. బండి గట్టిదే, కానీ సీజన్ మధ్యలో ఒక గేరు కోసం ఊళ్లు తిరగాల్సి రావచ్చు.

బండి ఇన్నాళ్లూ ఏ పని చేసింది?

ఏ సంవత్సరం మోడల్ అన్నదానికంటే ఈ ప్రశ్నకు జవాబు ముఖ్యం. గంటల మీటరును నమ్మొద్దు, కేబుల్ తీసేసినా మీటర్ మార్చేసినా తెలియదు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ నునుపు, వెనక లింకుల కొసల్లోని గుండ్లు, ట్రక్కు (ట్రాలీ) తగిలించే హుక్కు రంధ్రం ఇవి నిజం చెబుతాయి. హుక్కు రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా అరిగి ఉంటే ఆ బండి ఇసుకో ఇటుకలో బాగా తోలింది, క్లచ్ మీద, బ్రేకుల మీద అనుమానం పెట్టుకోండి. ముందు భాగంలో డోజర్ బిగించిన బోల్టు రంధ్రాలు, ఇంజిన్‌ను గేర్ బాక్స్‌తో కలిపే బెల్ హౌసింగ్ దగ్గర వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే బేరం ఆడకుండా వెనక్కి వచ్చేయండి. కోత మిషన్ మోసిన బండి కూడా వద్దు, ఛాసిస్ మీద పడకూడని బరువు పడి ఉంటుంది. దమ్ము చేసిన బండి అయితే వెనక యాక్సిల్ సీళ్ల దగ్గర చూడాలి. బురద నీళ్లు లోపలికి పోయేది అక్కడినుంచే.

ఇంజిన్

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ మొదలు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, మరో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ రెండు మూడు తిప్పుళ్లలో అందుకోవాలి. మొదటి రెండు నిమిషాల తెల్ల పొగ మామూలే, వేడెక్కాక కూడా తగ్గకపోతే కంప్రెషన్ తక్కువైనా అయి ఉండాలి, నీళ్లు లోపలికి చేరుతూనైనా ఉండాలి. నీలం పొగ వస్తే రింగుల దగ్గరో వాల్వు గైడ్ల దగ్గరో ఆయిల్ కాలుతోంది. నల్ల పొగకు ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత నాజిళ్లు చూడాలి, అది చిన్న ఖర్చుతో పోయేదే. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు, బుస్సు బుస్సుమని పొగ కొడితే బోరు పని దగ్గర్లోనే ఉంది. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తీసి, నీటి మీద నూనె తెట్టు ఉందేమో, స్టార్ట్ చేశాక బుడగలు వస్తున్నాయేమో చూడండి. బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆ బండి వద్దు.

క్లచ్, గేర్లు, లిఫ్ట్

బ్రేకులు రెండూ కలిపి గట్టిగా తొక్కి, పై గేరు వేసి, రేజ్ కొంచెం పెంచి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది. ప్లేటు ధర పెద్దదేమీ కాదు గానీ అది మార్చాలంటే బండిని మధ్యకు విడదీయాలి, కూలీ అక్కడే పెరుగుతుంది. రోటవేటర్ వాడేవాళ్లు డబుల్ క్లచ్ ఉందో లేదో అడగాలి. సింగిల్ క్లచ్ బండిలో గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన ప్రతిసారీ రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు, అంటే పీటీఓ కూడా ఆగిపోతుంది, మడి మూలల్లో అది చాలా ఇబ్బంది.

ప్రతి గేరులోనూ నడపండి. ముఖ్యంగా దున్నే గేర్లలో, అంటే లో రేంజిలో 2, 3లో, రేజ్ ఇచ్చి ఒక్కసారిగా వదలండి. గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వస్తే లోపల పళ్లో ఫోర్కో అరిగాయి. లాగేటప్పుడు ఒక రకంగా, వదిలేసినప్పుడు ఇంకో రకంగా మూలుగు వినిపిస్తే క్రౌన్ పినియన్ వైపు చూడాలి. ఆ ఖర్చు ముందు మిగతావన్నీ చిన్నవే.

రాత్రంతా కదలని బండికి వెనక హౌసింగ్ కింది డ్రెయిన్ ప్లగ్‌ను అమ్మేవాళ్ల అనుమతితో కొద్దిగా వదులు చేయించండి. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. ఒకటి రెండు చుక్కలతో సరిపోతే సరే, ధారగా వస్తే సీళ్లు పోయి బేరింగులు తుప్పు నీళ్లలో నానుతున్నాయి. ప్లగ్‌కు బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండటం సహజం. గోటికి తగిలేంత ఇనుప పలుకులు ఉంటే కాదు.

లిఫ్ట్‌ను ఖాళీగా ఎత్తి చూపిస్తే ఒప్పుకోవద్దు. కల్టివేటర్ తగిలించి ఎత్తి, ఇంజిన్ ఆపి, నేల నుంచి ఎత్తు టేపుతో కొలిచి పదిహేను నిమిషాలు ఆగండి. అంగుళమో రెండో దిగితే సరిపెట్టుకోవచ్చు. చూస్తుండగానే నేలకు ఆనిందంటే సిలిండర్ సీలో కంట్రోల్ వాల్వో కారుతోంది. అసలు పరీక్ష అరగంట దున్నాక ఉంది: ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఎత్తమనండి. అరిగిన పంపు చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ వల్ల బాగానే ఎత్తుతుంది, వేడిలోనే దొరికిపోతుంది. ఎత్తి ఉంచినప్పుడు లింకులు కిందికీ పైకీ ఊగుతూ ఉన్నా లోపం ఉన్నట్టే.

దున్ని చూడటం

ఇది లేకుండా బయానా ఇవ్వొద్దు. నేల బిగువును బట్టి నాగలి లోతును సర్దే డ్రాఫ్ట్ లివర్ పెట్టి దున్నుతుంటే గట్టి నేల తగిలినచోట నాగలి కాస్త లేచి మళ్లీ లోతుకు దిగాలి. ఇంజిన్ గుక్క పట్టి ఆగిపోతున్నా నాగలి కదలకపోతే డ్రాఫ్ట్ పనిచేయడం లేదు. తర్వాత వెనక టైరు మీద సున్నంతో గీత పెట్టి, నాగలి ఎత్తి పది చుట్లకు ఎంత దూరం వెళ్లిందో కొలవండి. 13.6-28 టైరుకు సుమారు 40 మీటర్లు వస్తుంది. దించి దున్నుతూ అదే పది చుట్లు కొలిస్తే 34 మీటర్లు వచ్చిందనుకోండి, జారుడు 15 శాతం, సరే అనుకోవచ్చు. 30కి దిగిపోతే పాతిక శాతం డీజిల్ టైర్ల కిందే పోతోంది. టైరు పట్లు అరిగి ఉండాలి, లేదా వెనక బరువు చాలకుండా ఉండాలి. జత వెనక టైర్ల ధర ముందే షాపులో అడిగి రాసుకుని వెళ్తే, బేరంలో అంత తగ్గించమని అడగడానికి వీలుంటుంది.

ముందు యాక్సిల్‌ను జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్, బేరింగుల వదులు తెలుస్తుంది. బ్రేకులు కుడి ఎడమ విడివిడిగా తొక్కి చూడండి. మాగాణి రైతు ఆయిల్ బ్రేకుల (ఆయిల్‌లో మునిగి ఉండే డిస్కుల) బండికే మొగ్గు చూపడం మంచిది, డ్రై డిస్క్ బ్రేకుల్లోకి బురద చేరితే పట్టు పోతుంది.

కాగితాల్లో మోసం ఎక్కువగా ఫైనాన్స్ దగ్గర జరుగుతుంది. ఆర్‌సీ మీద బ్యాంకు పేరుంటే అప్పు తీరిందని ఆ పేరు తీయించే ఫారం 35, ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లను గుడ్డతో తుడిచి ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి, దిద్దినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఉంటుంది, దాటిన బండికి రెన్యువల్ ఎవరు చేయించాలో బేరంలోనే తేల్చుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోండి, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఏ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ రావాలి. తెల్లకాగితం రాతతో ఏళ్ల తరబడి నడిపితే, ప్రమాదం జరిగిన రోజున కేసు ఆర్‌సీ మీద పేరున్న మనిషి మీదికీ వెళ్తుంది, ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కు వస్తుంది.

ఇంటికి తెచ్చాక మొదటి దుక్కికి ముందే ఇంజిన్ ఆయిల్, వెనక ఆయిల్, డీజిల్ ఫిల్టర్లు, హైడ్రాలిక్ ఫిల్టర్ మార్చేయండి. వెనక ఆయిల్ పోశాక పది గంటలు నడిపి ప్లగ్ మళ్లీ ఒకసారి విప్పి చూడండి, పలుకులు కొత్తగా కనిపిస్తే సీజన్ మొదలవకముందే విప్పించుకోవచ్చు.