స్కూల్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు రిజిస్టర్లు ముందేసుకోండి

"మీకేం కావాలి సార్?" అని సాఫ్ట్‌వేర్ వాళ్లు అడిగితే ఫీజులు, అటెండెన్స్, మార్కులు అని చెప్పి ఊరుకుంటాం. తీరా కొన్నాక అన్నదమ్ముల కన్సెషన్ అందులో ఎక్కదు. మళ్లీ పాత రసీదు బుక్కే గతి.

ఈసారి డెమోకి ముందు ఆఫీసులో వాడే ప్రతి పుస్తకం నుంచీ నింపిన పేజీ ఒకటి జిరాక్స్ తీయించాం. అడ్మిషన్ రిజిస్టర్, ఫీజు రసీదు, బస్సు లిస్టు, టీసీ బుక్కు అన్నీ. ప్రతి గడి పక్కన ఎవరు నింపుతారో, ఎప్పుడో ఎర్ర పెన్నుతో రాశాం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. స్కూళ్ల వివరాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో అడిగే పెన్, అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబర్లకు మా రిజిస్టర్లో అసలు గడే లేదని అప్పుడే తెలిసింది!

తర్వాత మూడు చిక్కు కేసులు, పేర్లు మార్చి, డెమోలో మా ఎదుటే ఎక్కించమన్నాం: ఇద్దరు పిల్లలకి ఒకే కన్సెషన్, నవంబర్లో బస్సు మానేసిన అమ్మాయి, సగం టర్మ్ ఫీజు కట్టి టీసీ అడిగిన అబ్బాయి. మూడోదాని దగ్గరే ఒక కంపెనీ ఆయన "అది కస్టమైజేషన్ సార్" అన్నాడు, అంటే మామూలు సాఫ్ట్‌వేర్‌లో లేదు, విడిగా చేయించుకోవాలన్నమాట.

ఒకటే జాగ్రత్త. కరస్పాండెంట్ గారు నోటిమాటగా ఇచ్చే తగ్గింపులు ఏ పుస్తకంలోనూ ఉండవు. అవి క్యాషియర్‌ని కూర్చోబెట్టి అడిగి రాసుకోవాల్సిందే.