కాలి వేలు నల్లబడితే ఆరోగ్యశ్రీలో చేరడం ఎలా? రేషన్ కార్డు దగ్గర ఆగిపోకండి

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు కాలి వేలు నల్లబడిందంటే అందరూ ముందు అడిగేది "ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?" అనే. వర్తిస్తుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. గ్యాంగ్రీన్‌కు, అంటే రక్తం అందక కండ చచ్చి నల్లబడిపోవడానికి, చేసే ఆపరేషన్లు అందులో ఉన్నాయి. కానీ కాగితాలు సరిచేసుకుని వద్దామని ఇంటికి వెళ్లిపోయి, వేలితో పోయేదాన్ని మోకాలి దాకా తెచ్చుకున్నవాళ్లను హైదరాబాద్‌లో చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కాలు చూడండి, కాగితాలు తర్వాత. వేలు చల్లబడి, ముడుచుకుపోయి, ఎండినట్టు నల్లగా మారితే రక్తం అందడం లేదని అర్థం. అదే రోజు డాక్టరుకు చూపించాలి. పాదం వాచి, బొబ్బలు లేచి, చీము, దుర్వాసన వస్తూ, ఎరుపు పైకి పాకుతుంటే, దానికి జ్వరం కూడా తోడైతే అది తడి గ్యాంగ్రీన్, అంటే చచ్చిన కండకు ఇన్ఫెక్షన్ కూడా తోడైనట్టు. గంటలు కూడా లెక్కే. చర్మం నొక్కితే లోపల గాలి ఉన్నట్టు కరకరమంటే ఇంకా ప్రమాదం. "నొప్పేం లేదు కదా" అని ఊరుకోవద్దు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే సాక్సు పుండుకు అతుక్కుపోయినా మనిషికి తెలియదు. 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీకి ఏ కార్డూ అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీకి ప్రత్యేకంగా ఎక్కడా దరఖాస్తు ఫారం కొనక్కర్లేదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో (ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేసే ఆసుపత్రి) ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ఆరోగ్యమిత్ర అంటే ఈ పథకం పనులు చూసే ఉద్యోగి. పేషెంట్ ఆధార్, రేషన్ కార్డు (ఆహార భద్రత కార్డు) చూపిస్తే పేరు నమోదు చేస్తారు. ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియకపోతే 104కి ఫోన్ చేయండి.

చాలామంది చిక్కుకునేది రేషన్ కార్డు దగ్గరే. అమ్మ ఉండేది బోరబండలో చిన్న కొడుకు దగ్గర, పేరు మాత్రం నల్గొండ జిల్లాలో పెద్ద కొడుకు కార్డులో. "మా కార్డులో లేదు కాబట్టి మాకు రాదేమో" అనుకుని మీసేవకు పరుగెత్తుతారు. అక్కడ పేరు తీసేసి, ఇక్కడ చేర్పించాలని చూస్తారు. తీసేయడం తొందరగానే అయిపోతుంది. చేర్చడానికి విచారణ, ఆమోదం అంటూ రోజులు పడతాయి. ఈలోగా ఆవిడ పేరు ఏ కార్డులోనూ ఉండదు! ఆసుపత్రి కంప్యూటర్‌లో వెతికితే కనిపించదు. దయచేసి జబ్బుగా ఉన్నప్పుడు పేరు మార్పించకండి. చూసేది పేషెంట్ పేరు ఉందా లేదా అనే. ఆ కార్డు ఏ కొడుకుదైనా, రాష్ట్రంలో ఏ జిల్లాదైనా పర్వాలేదు. అన్నకు ఫోన్ చేసి కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. కనీసం కార్డు నంబరు తెలిస్తే ఆరోగ్యమిత్ర వెతికి చూడగలరు. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఒక పేరు ఉన్నా ముందు అడ్మిట్ చేయించి, ఆ తేడా సంగతి కౌంటర్‌లో అడగండి.

రెండో చిక్కు బోర్డుతో వస్తుంది. బయట "ఆరోగ్యశ్రీ" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఆసుపత్రిలో అన్ని విభాగాలకూ అది వర్తించదు. కంటికో, ఎముకలకో మాత్రమే అనుమతి ఉండొచ్చు. స్ట్రెచర్ దించకముందే "జనరల్ సర్జరీ, వాస్క్యులర్ సర్జరీ ఆరోగ్యశ్రీలో ఉన్నాయా అండీ?" అని అడగండి. వాస్క్యులర్ సర్జరీ అంటే రక్తనాళాల ఆపరేషన్లు. పంజాగుట్ట నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది.

అడ్మిట్ అయ్యాక పుండు ఫొటో, రక్త పరీక్షలు, డాక్టరు నోట్ కలిపి ఈ పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపుతారు. అనుమతి వచ్చాక ఆపరేషన్. కేసు అత్యవసరమైతే ఆసుపత్రి వాళ్లే ఫోన్లో అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. "అప్రూవల్ రాలేదు" అని కూర్చోబెడితే "ఎమర్జెన్సీ కింద ఫోన్ చేశారా?" అని గట్టిగానే అడగండి. ఇంకొకటి కూడా అడగాలి. కాలికి రక్తం ఎంతవరకు వెళ్తోందో డాప్లర్ పరీక్ష చేశారా? మూసుకుపోయిన రక్తనాళాన్ని యాంజియోప్లాస్టీతో (లోపల బెలూన్ ఉబ్బించి) తెరిచో, బైపాస్‌తో పక్కనుంచి దారి వేసో రక్తం అందించగలిగితే తీసేయాల్సిన భాగం తగ్గుతుంది. నల్లబడిన భాగానికి మాత్రం ప్రాణం రాదు, దాన్ని తీసేయాల్సిందే. పసర్లతో, కాపడాలతో తిరిగి వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ కింద చేరాక ప్యాకేజీలోని మందులకు, పరీక్షలకు డబ్బు కట్టక్కర్లేదు. అడిగితే రసీదు అడగండి, 104కి చెప్పండి. ముందే జేబులోంచి కట్టేసిన బిల్లును ఈ పథకం తిరిగి ఇవ్వదు. కాబట్టి కార్డు ఉందని మొదటి రోజే చెప్పాలి. గేటు దగ్గర "కార్డు మేం చేయిస్తాం, పదివేలివ్వండి" అనేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. వాళ్లకు మీ ఆధార్ ఇవ్వకండి. కార్డే లేక ప్రైవేటులో ఖర్చుపెట్టినవాళ్లు ఒరిజినల్ బిల్లులు జాగ్రత్తగా దాచుకుని, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. కమీషన్ అక్కర్లేదు.

డిశ్చార్జి అప్పుడు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. మళ్లీ ఎప్పుడు రావాలో రాయించుకోండి. ఒక కాలికి వచ్చిందంటే రెండోది కూడా ప్రమాదంలో ఉన్నట్టే. రోజూ రాత్రి అరికాలు, వేళ్ల సందులు ఇంట్లో ఎవరో ఒకరు లైటు వేసి చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే మెత్తటి రబ్బరు ఎంసీఆర్ చెప్పులైతే మంచిది. వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదు. ఆనెలను బ్లేడుతో కోయకూడదు. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి, ఎందుకంటే అవి రక్తనాళాలను మూసేస్తాయి. కొత్తగా చిన్న బొబ్బ కనిపించినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా, డిశ్చార్జి కాగితం పట్టుకుని అదే ఆసుపత్రికి వెళ్లండి.